రావచ్చు, రావద్దు: సగం చూపు పోయిన ఒక ప్రూఫ్ రీడర్ కేసు

ఈ కేసు ఒక సహకార సంఘం నోటీసుతో బయటపడింది. 'బాకీ చెల్లించని సభ్యులపై చర్య తీసుకోబడును' అని ఉండాల్సిన చోట 'బాకీ చెల్లించిన సభ్యులపై' అని అచ్చయింది. 2,000 కాపీలు పంచేదాకా ఎవరూ గమనించలేదు. ప్రెస్సు యజమాని ఏడవలేక నవ్వి, తన ఖర్చుతోనే మళ్ళీ వేసిచ్చాడు. ఫైనల్ ప్రూఫు చూసి సంతకం పెట్టిన మనిషి 26 ఏళ్ళుగా ఆ పనిలోనే ఉన్నారు. 'ని'కీ 'న'కీ తేడా పట్టుకోవడమే ఆయన బతుకుతెరువు.

నేను ఆప్టోమెట్రిస్టుని. ఒక కంటి ఆసుపత్రిలో లో విజన్ విభాగం చూస్తాను. అద్దాలతో సరికానివాళ్ళు, ఆపరేషనుతో బాగుపడనివాళ్ళు చివరికి నా గదికి వస్తారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి వివరాలు కొంత మార్చాను. ప్రెస్సులో అందరూ ఆయన్ని మాస్టారంటారు, ఇక్కడా అలాగే అంటాను.

నా దగ్గరికి వచ్చేలోపు జరిగింది

మాస్టారికి 58 ఏళ్ళు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకోవడమే. ఐదు నెలల క్రితం ఒకరోజు పొద్దున్నే తల వెనకభాగంలో విపరీతమైన నొప్పి, రెండు వాంతులు. పైత్యం అనుకున్నారు. రెండు రోజులు పడుకుని లేచారు. కాలూ చెయ్యీ బాగానే ఆడుతున్నాయి, మాట తడబడలేదు, మూతి వంకరపోలేదు. దాంతో పక్షవాతం అన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆ తర్వాతే చిన్న చిన్న సంగతులు మొదలయ్యాయి. గుమ్మం దాటుతుంటే కుడి భుజం తగిలేది. విస్తట్లో కుడివైపు వేసిన పచ్చడి అలాగే ఉండిపోయేది. వేశానని భార్య, వేయలేదని ఆయన. అద్దాల షాపులో రెండుసార్లు అద్దాలు మార్పించారు. ఇంకోచోట కుడికంట్లో శుక్లం మొదలైందని ఆపరేషనుకి తేదీ కూడా ఇచ్చారు. శుక్లం ఉన్న మాట నిజమే. ఆయన బాధకూ దానికీ సంబంధం లేదు. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు నోటీసు గొడవ జరిగింది. వాళ్ళబ్బాయి భయపడి మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

"కుడికన్ను పోయిందమ్మా" అన్నారు కూర్చోగానే.

కుడికన్ను మూయించి ఎడమకంటితో నా మొహం చూడమన్నాను. నా చెవులు రెండూ కనిపిస్తున్నాయా అని అడిగాను. ఒకటే కనబడుతోందన్నారు. కన్ను మార్చి అడిగాను. అదే చెవి, అదే జవాబు. కంటిలో లోపమైతే కన్ను మారిస్తే తేడా రావాలి. ఇక్కడ రాలేదు. రెండు కళ్ళూ లోకంలోని కుడి సగాన్ని మెదడు ఎడమ భాగానికే పంపుతాయి. రెండు కళ్ళకూ ఒకే సగం పోయిందంటే చెడింది కళ్ళు కాదు. అర నిమిషం పట్టే ఈ పరీక్ష ఈ ఐదు నెలల్లో ఆయనకు ఎవరూ చేయలేదు.

చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ ప్రింటులో రెండు కళ్ళకూ కుడి సగం నల్లగా వచ్చింది. దీన్ని హెమియనోపియా అంటాం. ఎమ్మారైలో మెదడు వెనక, ఎడమపక్క, పాత స్ట్రోక్ గుర్తు. ఆరోజే న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. చూపు పని తర్వాత చూసుకోవచ్చు, రెండో స్ట్రోక్ రాకుండా చూడటం ముందు. శుక్లం ఆపరేషను వాయిదా పడింది.

మొదట తేల్చుకోవాల్సిన విషయం

మాస్టారు తిరిగొచ్చాక నాకు వచ్చిన మొదటి అనుమానం చదువు గురించే. మెదడులో ఈ ప్రాంతం దెబ్బతింటే రెండు రకాలుగా చదువు చెడొచ్చు. 1892లో పారిస్‌లో డెజెరిన్ అనే డాక్టరు ఒక రోగి గురించి రాశాడు. ఆయన చక్కగా రాయగలడు, తాను రాసిందే చదవలేడు. ఎడమవైపు చూపు ప్రాంతమూ, రెండు అర్ధభాగాలనూ కలిపే వంతెన వెనక కొస కూడా చెడితే అలా అవుతుంది. కుడి మెదడు అక్షరాలను చూస్తూనే ఉంటుంది, భాష ఉన్న ఎడమవైపుకి ఆ కబురు అందదు. రెండో రకం ఇంత విచిత్రమైంది కాదు. అక్షరజ్ఞానం చెక్కుచెదరదు, చదవబోయే మాట ఉన్న వైపే చీకటిగా ఉంటుంది.

ఈ రెండింటికీ చికిత్స వేరు. అందుకే ఆయన చేత నాలుగు వాక్యాలు రాయించి, పది నిమిషాలు కబుర్లు చెప్పి, అవే చదవమన్నాను. చదివారు. 'ఇల్లు', 'పాలు' లాంటి చిన్న మాటల్ని రెప్పపాటులో పట్టుకున్నారు. పొడవాటి మాటల దగ్గర నెమ్మదించారు. రెండో రకమే అని నిర్ణయించుకున్నాను. తప్పు నిర్ణయం కాదు గానీ, ఆ నెమ్మదించడం దగ్గర నేనింకాసేపు ఆగి చూడాల్సింది.

ఫీల్డ్ ప్రింటులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. చూపు సరిగ్గా నిలిపిన చోటు నుంచి కుడివైపుకి రెండు మూడు డిగ్రీలు మాత్రమే మిగిలింది. ఆ కాస్త ఎంత విలువైందో తెలియాలంటే మెదడులో చూపుకు గీసిన పటం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో రష్యన్ తుపాకుల గుండ్లు సన్నగా, చాలా వేగంగా ఉండేవి. పుర్రెను పగలగొట్టకుండా ఒకవైపు నుంచి ఇంకోవైపుకి దూసుకుపోయేవి. అలా బతికి బయటపడిన సైనికులకు చూపు ఎంత పోయిందో లెక్కగట్టే పని టాట్సుజి ఇనౌయె అనే కంటి డాక్టరుకి అప్పగించారు, పెన్షను తేల్చడానికి. ఆయన గుండు లోపలికి వెళ్ళిన చోటు, బయటికొచ్చిన చోటు కొలిచి, మధ్యలో గీత గీసి, ఆ దారిలో మెదడు ఏ భాగం చెడిందో లెక్కవేశాడు. దానికోసం పుర్రెకు తగిలించే ఒక కొలత పరికరం తయారుచేసుకున్నాడు. 29 మంది సైనికుల వివరాలతో 1909లో అచ్చువేశాడు. మెదడు వెనక కొసన ఉన్న పెద్ద భాగం చూపు నడిమధ్యలోని చిన్న జాగా కోసమే పనిచేస్తుందని అప్పుడు తేలింది. మన మెదడులో చూపుకు మొదటి చక్కని పటం పెన్షను ఆఫీసు లెక్కల్లోంచి పుట్టింది. నాకిది ఎప్పుడు తలచుకున్నా ముచ్చటే.

మొదటి ప్రపంచ యుద్ధంలో గోర్డన్ హోమ్స్ అనే బ్రిటిష్ డాక్టరు అదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశాడు. బ్రిటిష్ సైనికుల ఇనుప టోపీ తల వెనక భాగాన్ని సరిగా కప్పేది కాదు, అలాంటి గాయాలకు కొదవలేదు. 1991లో హార్టన్, హోయిట్ అనే డాక్టర్లు ఎమ్మారై సాయంతో హోమ్స్ పటాన్ని సరిచూసి, మధ్య చూపుకు అందులో ఇచ్చిన జాగా చాలదన్నారు. చూపు నడిమి 10 డిగ్రీలకే అక్కడి సగం కంటే ఎక్కువ చోటు పోతుందని చెప్పారు. అచ్చు చదివేది ఆ నడిమి చోటుతోనే. మాస్టారికి ఎడమవైపు ఆ చోటంతా భద్రంగా ఉంది. కుడివైపు కొద్ది అక్షరాలు పట్టేంతే మిగిలింది.

ఇక కాలం సంగతి. ఇలాంటి చూపు దానంతటదే కొంత తిరిగి రావడం ఉంది. అట్లాంటాలో వందల మందిని గమనించి 2006లో రాసినదాని ప్రకారం అది చాలావరకు మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. మాస్టారికి ఐదు నెలలు దాటాయి. 'చూద్దాం, టైం పడుతుంది' అని పంపేయడానికి వీల్లేదు.

నా పొరపాటు

రెండోసారి వచ్చినప్పుడు ఆయనో మాట చెప్పారు. "మనవరాలు కుడివైపు నుంచి పరిగెత్తుకొచ్చిందమ్మా. కనపళ్ళేదు. కానీ వస్తోందని తెలిసింది."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆయన కుడివైపు నా వేలు కదలకుండా పెట్టాను. ఏమీ లేదన్నారు. వేలు ఆడించాను. "ఏదో ఉంది" అన్నారు. ఏ రంగు, ఏ ఆకారం అంటే తెలియదు. కళ్ళు పక్కకి జరిపి చూడట్లేదు కదా అని మూడుసార్లు సరిచూశాను. జరపలేదు.

1917లో జార్జ్ రిడాక్ అనే కుర్ర మిలటరీ డాక్టరు లండన్‌లో గాయపడిన సైనికుల్లో ఇదే చూశాడు. చూపు పోయిన వైపు నిలకడగా ఉన్నది కనిపించదు, కదిలేది ఏదో నీడలా తెలుస్తుంది. హోమ్స్ దీన్ని ఒప్పుకోలేదు. హోమ్స్ మాటంటే అప్పట్లో వేదం. దాంతో రిడాక్ చెప్పింది చాలా ఏళ్ళు మూలనపడింది. 1960లలో కేంబ్రిడ్జ్‌లో వైస్క్రాంజ్ అనే శాస్త్రవేత్త బృందం హెలెన్ అనే ఆడకోతికి మెదడులోని చూపు ప్రాంతం తీసేసింది. నికొలస్ హంఫ్రీ అనే విద్యార్థి ఏళ్ళ తరబడి దానితో కూర్చుని, ఆడించి, గొలుసు వేసి పొలాల్లో తిప్పాడు. చివరికి అది నేలమీద పడి ఉన్న ఎండు ద్రాక్షలు ఏరుకుంటూ, అడ్డం ఉన్నవాటికి తగలకుండా గదంతా తిరిగేది. ఆ తర్వాత మనుషుల వంతు. డి.బి. అనే పేరుతో పుస్తకాల్లోకెక్కిన రోగికి మెదడులో రక్తనాళాల చిక్కు తీసేశాక ఎడమ సగం చూపు పోయింది. ఆ వైపు దీపం ఎక్కడ వెలిగిందో ఊహించి చూపించమంటే చూపించేవాడు. నిలువు గీతా, అడ్డగీతా అంటే చెప్పేవాడు. తనకేమీ కనబడలేదని, ఊరికే ఊహించానని అనేవాడు. జవాబులు చాలావరకు సరైనవని చెబితే ఆయనే ఆశ్చర్యపోయాడు. 1974లో దీనికి బ్లైండ్‌సైట్ అని పేరు పెట్టారు.

చదువుకునే రోజుల నుంచీ నాకు ఇష్టమైన చరిత్ర ఇది. అలాంటి మనిషి నా కుర్చీలో కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెరమీద కుడివైపు చుక్కలు పైకో కిందికో కదిలేలా ఒక ప్రోగ్రాం పెట్టించాను. కనిపించకపోయినా ఊహించి చెప్పాలి. మొదటి రోజు 100కి 71 సరిగ్గా చెప్పారు. గుడ్డిగా చెబితే 50 రావాలి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నేను మా ఆయనకు గంటసేపు చెప్పాను.

మాస్టారికి మాత్రం ఆ పని ఒక్కరోజూ నచ్చలేదు. నాలుగో వారంలో మౌస్ పక్కన పెట్టేశారు. "తెలియనిదానికి జవాబు చెప్పమంటారేంటమ్మా? ప్రూఫు దిద్దేవాడు ఊహించకూడదు. ఊహిస్తే ఆ ఉద్యోగానికి పనికిరాడు."

అయినా ఇంకో రెండు వారాలు బతిమాలి చేయించాను. ఆరు వారాల తర్వాత చుక్కల లెక్క 78కి చేరింది. చదివే వేగం మారలేదు. చదివేటప్పుడు వచ్చే తప్పులు మారలేదు.

ఆ పరిశోధన ఉత్తదని అనడం లేదు. అమెరికాలోని రోచెస్టర్‌లో హక్స్‌లిన్ అనే పరిశోధకురాలి బృందం 2009లో చూపించింది, నెలల తరబడి రోజూ సాధన చేయిస్తే చూపు పోయిన వైపు కదలికను పోల్చుకునే శక్తి పెరుగుతుందని. కానీ మాస్టారికి కావాల్సింది 10 పాయింటు అచ్చులో గుడికీ దీర్ఘానికీ తేడా. కదిలే నీడను గుర్తుపట్టే దారిలోంచి అది రాదు. ఆయనకేం కావాలన్నది వదిలేసి, నాకేది ఆసక్తిగా ఉందో దాని వెంట పడ్డాను.

ఈ మధ్యలో ఇంకో మూడు ప్రయత్నాలు జరిగాయి, త్వరగా చెప్పేస్తాను. వాళ్ళబ్బాయి నెట్‌లో చూసి, కంప్యూటర్ ముందు కూర్చుని చూపు అంచును వెనక్కి నెట్టే చికిత్స ఒకటి ఉందట, ఖర్చైనా ఫర్వాలేదన్నాడు. 1998లో జర్మనీలోని మాగ్డెబర్గ్ నుంచి ఆశ పుట్టించే ఫలితాలు వచ్చిన మాట నిజం. 2005లో ట్యూబింగెన్‌లో కంటి వెనక పొరను నేరుగా గమనిస్తూ, చూపు పక్కకి జరగకుండా చూసుకుంటూ కొలిస్తే, అంచు ఉన్నచోటే ఉంది. ఆ డబ్బు పెట్టొద్దన్నాను. కళ్ళద్దానికి ప్రిజం అంటించి కుడివైపు దృశ్యాన్ని ఇటు లాగే పద్ధతి ప్రయత్నించాం. నడకలో కొందరికి బాగా పనికొస్తుంది. ఈయనకు రెండు స్తంభాలు ఒకదానిమీద ఒకటి కనిపించి తలతిరిగింది, పది రోజుల్లో తీసేశాం. కాగితాన్ని పక్కకి తిప్పి వరుసలు పైనుంచి కిందికి చదవమంటే, ఒత్తులన్నీ పక్కకి వాలిపోవడం చూసి పెద్దగా నవ్వేశారు. "ఇది తెలుగు కాదమ్మా, తోరణం."

కాగితానికి చిల్లు

మా దగ్గర కళ్ళ కదలికలు కొలిచే మిషను లేదు. అందుకని పాతకాలపు పని చేశాను. ఒక పేజీ మధ్యలో పెన్సిలంత చిల్లు పొడిచి, ఆయన చదువుతుంటే కాగితం వెనక నుంచి ఆయన కళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఇది మొదటి రోజే చేయాల్సింది.

వరుస అయిపోయాక ఎడమకి తిరిగి రావడం బ్రహ్మాండంగా ఉంది, ఆ వైపు చూపు ఉంది కదా. కుడికి వెళ్ళడమే గిజగిజలాడుతోంది. చిన్న గెంతు, ఆగడం, ఇంకో చిన్న గెంతు, ఒక్కోసారి వెనక్కి. మామూలుగా చదివే కన్ను తర్వాతి గెంతు ఎక్కడ వేయాలో కుడివైపు మసకగా కనబడే అక్షరాలను బట్టి నిర్ణయించుకుంటుంది. ఈయనకు ఆ వైపు ఏమీ లేదు. అంతవరకు నేను ఊహించిందే. ఊహించనిది ఇంకోటి కనిపించింది. పొడవాటి మాట వచ్చినప్పుడు ఆయన కన్ను మొదటి సగం మీదే వాలుతోంది. నోరు మాత్రం మాట మొత్తం పలుకుతోంది. రెండో సగం మీదికి కన్ను పోకుండానే తర్వాతి మాటకి వెళ్ళిపోతోంది.

తెలుగు మాటలో సగం ప్రాణం తోకలో ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా, అన్నీ చివరే. 'వెళ్తాను', 'వెళ్తాడు', 'వెళ్తారా' అన్నిటికీ తల ఒకటే. కుడి సగం పోయినవాడికి సరిగ్గా ఆ తోకే పోతుంది.

ఆ రాత్రి 24 వాక్యాలు తయారుచేశాను. సగం వాక్యాల్లో సందర్భాన్ని బట్టి ఎవరైనా అనుకునే ముగింపు, మిగతా సగంలో దానికి ఎదురు. 'చెప్పులతో లోపలికి రావచ్చు.' 'టికెట్టు కొన్నవారు రావద్దు.' 'పరీక్ష తప్పినవాడు మిఠాయి పంచాడు.' 'పంచాడా' అని ఒకచోట, 'ఇచ్చినా' అని ఇంకోచోట. మర్నాడు ఆయన చేత పైకి చదివించాను. 24లో 9 తప్పు. ఒక్క తప్పు దగ్గరా గొంతు తడబడలేదు. 'చెప్పులతో లోపలికి రావద్దు' అని నిక్షేపంగా చదివారు.

ఆ కాగితం మీదే పెన్సిలు మొనను 'రావచ్చు' చివర పెట్టి, ఇక్కడ చూడండి మాస్టారూ అన్నాను. చూశారు. తర్వాతి తప్పు దగ్గర పెట్టాను. చూశారు. మూడోదానికి అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఇన్నాళ్ళూ నేను చదవలేదా?"

సగం చదివి, మిగతా సగం 26 ఏళ్ళ అనుభవంతో పూరించుకుంటున్నారని చెప్పాను. కొత్తగా చదువు నేర్చినవాడైతే ఆగిపోయి ఉండేవాడు. ఈయనకు తెలుగు అంత బాగా తెలుసు కాబట్టే ఆగలేదు. పైగా చూశాననే నమ్మకం. ల్యాప్‌టాప్ ముందు కుడివైపు ఏమీ కనబడట్లేదు, ఊహించను అన్నారు, అక్కడ మెదడు కొంత పట్టుకుంటూనే ఉంది. కాగితం మీద అంతా కనబడుతోందన్నారు, అక్కడ చేసిందంతా ఊహే. రెండింట్లోనూ తన చూపు గురించి ఆయన చెప్పింది నిజాయితీగానే చెప్పారు. రోగి మాటను నమ్మాలా, లెక్కను నమ్మాలా అని హోమ్స్, రిడాక్ నాటి నుంచి నడుస్తున్న తగాదా నాకు ఆ బల్ల దగ్గర ఒక్కసారిగా అర్థమైంది.

పనిచేసింది

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనకు హోమ్స్ పటాలు గుర్తొస్తాయి. అదే సమయంలో శత్రుపక్షాన, కొలోన్‌లో, పొపెల్‌రాయిటర్ అనే ఆయన తలకు గాయమైన జర్మన్ సైనికులను మళ్ళీ పనుల్లోకి పంపే బాధ్యతలో ఉన్నాడు. పోయిన చూపును తెప్పించే పని పెట్టుకోలేదు. బోర్డు మీద వస్తువులు వెతికించి, చూపు లేని వైపుకి కన్ను పోయేలా అలవాటు చేయించాడు. 1917లోనే రాశాడు. 1980ల నుంచి మ్యూనిక్‌లో యోసెఫ్ జీల్ అనే పరిశోధకుడు ఆ దారినే ముందుకు తీసుకెళ్ళాడు. చీకటి వైపుకి చిన్న గెంతులు కాదు, అవసరానికి మించిన పెద్ద గెంతు వేయించి, అక్కణ్ణుంచి వెనక్కి రమ్మనాలి. బ్లైండ్‌సైట్‌లాగా ఇది పత్రికలకెక్కే కథ కాదు. నేనూ అందుకే దీన్ని రెండో అరలో పెట్టేశాను.

మాస్టారి విషయంలో మూడు పనులు చేశాం. మొదటిది పెన్సిలు. ప్రతి మాటా చదివే ముందు పెన్సిలు మొన దాని చివరి అక్షరం కిందికి వెళ్ళాలి, కన్ను మొన మీదికి వెళ్ళాలి, ఆ తర్వాతే నోరు. మొదటి వారం నరకం అన్నారు. పేజీకి 11 నిమిషాలు పట్టేది 19కి పెరిగింది. వేగం తగ్గడం మంచిదే, ఊహించడం ఆగిందని దానర్థం అని చెప్పాను. అప్పటికి నాకూ పూర్తి నమ్మకం లేదు.

రెండోది స్క్రోలింగ్. లండన్‌లో అలెక్స్ లెఫ్ బృందం 2007లో ఒక పద్ధతి చెప్పింది. అక్షరాలు కుడి నుంచి ఎడమకి పాకుతుంటే చదవడం. పాకే అక్షరాల వెంట కన్ను ఎడమకి జరిగి, మళ్ళీ కుడికి దానంతటదే గెంతుతుంది. ఆ కుడి గెంతే మనకు కావాలి. వాళ్ళు ఇంగ్లీషులో చేశారు. తెలుగులో ఎలా అని ఆలోచిస్తుంటే మా వెయిటింగ్ హాల్లో టీవీ నడుస్తోంది. న్యూస్ ఛానెల్ అడుగున స్క్రోలింగ్ పోతోంది, కుడి నుంచి ఎడమకి! వాళ్ళబ్బాయి అది ఫోన్‌లో చేసిచ్చాడు. తండ్రికిష్టమైన పాత కథలు టైపు చేసి, వేగం పెంచుకునే వీలు పెట్టాడు. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు. విసుగొస్తే టీవీ సౌండ్ కట్టేసి వార్తలు.

మూడోది నడక కోసం. కిరాణా కొట్టు ముందు నిలబడి అరల్లో సబ్బులు లెక్కపెట్టాలి, మొదలుపెట్టేది కుడి చివర నుంచి. గదిలోకి అడుగుపెట్టగానే ముందు కుడి గోడ చూడాలి, తర్వాతే ఎదురుగా. ఇది మూడు వారాల్లోనే పట్టుబడింది. భుజం గుద్దుకోవడం దాదాపు ఆగిపోయింది.

పది వారాలకు పేజీ 19 నిమిషాల నుంచి 7కి దిగింది. కొత్తగా తయారుచేసిన 24 వాక్యాల్లో ఒక్కటే తప్పు. ఫీల్డ్ టెస్ట్ మళ్ళీ చేశాను. నలుపు ఎక్కడుందో అక్కడే ఉంది, చుక్క కూడా తగ్గలేదు. ఆ రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వాళ్ళబ్బాయి డీలాపడ్డాడు. మాస్టారు మాత్రం ఏడు నిమిషాల లెక్కే మళ్ళీ మళ్ళీ అడిగారు. ఈ మెరుగులో పెన్సిలు వాటా ఎంత, స్క్రోలింగ్ వాటా ఎంత అంటే ఈ ఒక్క కేసుతో విడదీసి చెప్పలేను. రెండూ కలిపి చేయించాను.

కుదరనివి

ఫైనల్ ప్రూఫు ఆయన ఒక్కరే చూడొద్దని నేనే అన్నాను. యజమాని మంచివాడు. పాత లెటర్ ప్రెస్ రోజుల్లోలాగా కాపీ హోల్డర్ పద్ధతి మళ్ళీ పెట్టాడు. డీటీపీ అమ్మాయి మూలప్రతి పైకి చదువుతుంది, మాస్టారు పెన్సిలు మొనతో ప్రూఫు మీద వెంబడిస్తారు. చెవికి 'చెల్లించని' అని వినబడి, మొన కింద 'చెల్లించిన' ఉంటే అక్కడ పట్టుబడుతుంది. రోజుకి ఇదివరకటి పనిలో సగమే అవుతోంది. జీతం కూడా తగ్గింది, దాని గురించి ఆయన మాట్లాడరు.

బండి విషయంలో నేను ఓడిపోయాను. టూవీలర్ నడపొద్దని మొదటి రోజే చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను. సరేనన్నారు. రెండు నెలల తర్వాత భార్య ఫోన్ చేసి చెప్పారు, రోజూ మార్కెట్‌కి బండి మీదే వెళ్తున్నారని. గుమ్మాలు తప్పించుకోగలుగుతున్నాననే ధైర్యం నేనిచ్చిన సాధన వల్లే వచ్చింది. ఆగివున్న ఆటోకి హ్యాండిల్ రాసుకుని మోచేయి చీరుకున్నాక మానేశారు. నడక సాధన మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి బండి తాళాలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చాల్సింది. ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

అప్పటి నుంచి నా గదిలో మారినవి

'ఒక కన్ను పోయింది' అని ఎవరొచ్చినా రెండు కళ్ళూ విడివిడిగా మూసి చూడటం మా జూనియర్లకు అలవాటు చేశాను, శుక్లం కనబడుతున్నా సరే. ఫీల్డ్‌లో సగం పోయినట్టు వస్తే ఫైలు నా బల్ల మీదికి రాకముందే న్యూరాలజీకి వెళ్తుంది. ఎన్ని వారాలైంది అన్నది కేస్ షీటు మీద మొదటి గడిలో రాస్తాం. మూడు నెలల లోపలైతే, ఇంటివాళ్ళకు ఇచ్చే ఆశ వేరు.

కదలిక తెలుస్తోందని ఎవరైనా చెబితే ఇప్పటికీ వేలు ఆడించి చూస్తాను, రాసి పెట్టుకుంటాను. చుక్కల ప్రోగ్రాం మాత్రం అడిగితే తప్ప తెరవను. ముందు కాగితానికి చిల్లు పొడుస్తాను.

24 వాక్యాల కాగితం కుడి సగం పోయినవాళ్ళందరికీ మొదటి రోజే ఇస్తున్నాను. ఎడమ సగం పోయినవాళ్ళకు అది పనికిరాదు. వాళ్ళకు మాట చివర్లు బాగానే కనిపిస్తాయి. కొత్త వరుసకి తిరిగొచ్చేటప్పుడు కన్ను మధ్యలోనే వాలి, వరుసలో మొదటి మాట వదిలేస్తారు. వాళ్ళ కోసం మొదటి మాట తీసేసినా అర్థం కుదిరేలా వాక్యాలు రాస్తున్నాను. అనుకున్నంత సులువుగా లేదు. ఇప్పటికి 15 అయ్యాయి. పోయిన వారం మాస్టారికి పంపితే, మూడు వాక్యాలు కొట్టేసి, వరుసల మధ్య జాగా పెంచమని పక్కన పెన్సిలుతో రాసి పంపారు.